షేడు మేస్త్రీ గీసిన గీత

తెల్లరంగులో ఎన్ని రకాలుంటాయని మామూలు మనిషిని అడిగితే ఒకటే అంటాడు. కాస్త ఆలోచించేవాడైతే రెండు అంటాడు. షేడు మేస్త్రీని అడిగేవాడు మాత్రం ఆ పూటకి ఇంకే పనీ పెట్టుకోకూడదు. పాల తెలుపు, సున్నం తెలుపు, ఐదేళ్ళు ఎండలో నిలబడ్డ తెలుపు, ఐదేళ్ళు నీడలో నిలబడ్డ తెలుపు అంటూ మొదలుపెడితే, ఎదుటివాడు బండెక్కి వెళ్ళిపోతున్నా వెనకనుంచి చెబుతూనే ఉంటాడు. గుద్దుకుని వచ్చిన వాహనాలకు సొట్టలు తీసి రంగు కొట్టే షెడ్డులో ఆయన ముప్పై ఏళ్ళుగా పెయింటరు. తను కొట్టిన తలుపుకీ పాత బండికీ రంగులో తేడా పట్టుకోమని పందెం కాసేవాడు. ముప్పై ఏళ్ళలో ఒక్కసారే ఓడిపోయాడు. ఆ రోజు మబ్బు పట్టి ఉందని ఇప్పటికీ వాదిస్తాడు.

ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి ఎవరొచ్చినా మొదటిరోజు ఒకటే పాఠం: "ముందు గాలిలోకి, తర్వాత రేకు మీదికి." రంగు చిమ్మే గన్ను తిన్నగా రేకుకి గురిపెట్టి నొక్కితే మొదటి తుంపర ముద్దగా పడి మచ్చ మిగులుతుంది. అందుకని అంచుకి బెత్తెడు ఇవతలే గాలిలోకి మీట నొక్కి, రంగు సన్నటి మంచులా రావడం మొదలయ్యాక చేతిని రేకు మీదికి జరపాలి. ఈ మాట చెప్పీ చెప్పీ, చేసీ చేసీ ఆయన చేతికి అదొక్కటే వచ్చు అన్నట్టు తయారైంది. తర్వాత జరిగినదంతా ఈ చేతి అలవాటు వల్లే జరిగింది కాబట్టి ముందే చెప్పి పెడుతున్నాను.

రంగు కొట్టేటప్పుడు ముక్కుకి రుమాలు కట్టుకునేవాడు. ఓనరు రెండుసార్లు మంచి మాస్కు తెచ్చిస్తే రెండూ మేకుకి వేలాడుతూ దుమ్ము పట్టాయి. రంగు గట్టిపడటానికి కలిపే హార్డ్‌నర్ ఎంత పడిందో తను వాసనతో చెప్పేస్తానని, మాస్కు పెట్టుకుంటే ఆ వాసన తెలియదని ఆయన వాదన. వాసన తెలుస్తోందంటే అది లోపలికి పోతోందని ఆయనకి తోచలేదు. యాభై దాటాక దగ్గు పట్టుకుంది. తర్వాత ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. భార్య బడిపిల్లల యూనిఫాంలు కుడుతుంది. ఆమె కుట్టుమిషను ఆపినప్పుడల్లా పక్కగదిలోంచి ఆ కూత వినపడేది. ఆమె పోరగా పోరగా డాక్టరు దగ్గరికి వెళ్ళాడు.

డాక్టరు ఉబ్బసమని తేల్చి రెండు ఇన్‌హేలర్లు రాశాడు. ఒకటి బాగున్నా బాగోలేకపోయినా రోజూ పొద్దునా సాయంత్రం పీల్చాల్సింది. రెండోది ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే. మేస్త్రీ వాటిని చేతిలోకి తీసుకుని మొదట చూసింది రంగే. రోజువారీది ఇటుక రంగులో రెండు చుక్కల పసుపు కలిపినట్టుంది. రెండోది బూడిద పడ్డ ఆకాశనీలం. ఆ క్షణం నుంచి అవి ఇటుకది, నీలంది అయిపోయాయి. ఎలా వాడాలో డాక్టరు చూపించబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"స్ప్రే గురించి నాకు చెబుతారేంటండీ! ముప్పై ఏళ్ళుగా అదే కదా నా బతుకు."

బయట ఇంకా పాతికమంది కూర్చుని ఉన్నారు. డాక్టరు నవ్వేసి ఊరుకున్నాడు.

ఇటుకదాన్ని మేస్త్రీ పక్కన పడేశాడు. షెడ్డులో పెయింటు గన్నైనా, ఇంట్లో ఇన్‌హేలరైనా సరే, నొక్కితే తేడా కనిపించాలి ఆయనకి. అది పీలిస్తే ఆ క్షణంలో ఏమీ తెలియదని మందుల షాపతను అన్నాడట. ఏమీ తెలియనిదానికి రోజుకి రెండుసార్లు ఎందుకని, సీలు కూడా తీయకుండా సొరుగులో షేడు కార్డుల కింద పెట్టేశాడు. నీలంది మాత్రం చొక్కా జేబులో చేరింది. మొదట్లో వారానికి రెండుసార్లు తీసేవాడు. ఏడు నెలలు తిరిగేసరికి రోజుకి ఏడెనిమిదిసార్లకు వచ్చింది. తీసేవాడు, గడగడా ఊపేవాడు, గాలిలోకి నొక్కేవాడు, ఆ తుంపరలోకి నోరు తెరిచి మొహం జరిపేవాడు. చూసేవాళ్ళకి అది కూడా ఒక పనితనంలాగే ఉండేది. అయిపోవచ్చిందేమో అని భార్య అడిగితే అరచేతిలో వేసుకుని తూచి, "పావు డబ్బా ఉంది" అనేవాడు. రంగు డబ్బాల విషయంలో ఆ చెయ్యి ఎన్నడూ తప్పలేదు మరి.

ఆ రోజు పొద్దున పదిన్నరకి రొట్టెలు మోసే వ్యాను ఒకటి షెడ్డులో ఉంది. పక్క తలుపు సొట్టలు తీసి, అడుగుపూతగా ప్రైమర్ కొట్టి ఉంచారు. తెల్లరంగు వెయ్యాలి. మేస్త్రీ షేడు కలిపి, హార్డ్‌నర్ పోసి, రెండు పూతలు కొట్టాడో లేదో ఛాతీ బిగుసుకుంది. వ్యాను ముందువైపుకొచ్చి నీలంది తీసి ఊపాడు. బరువు ఉన్నట్టే ఉంది. నొక్కితే తుంపర వచ్చింది. మొహం జరిపి పీల్చాడు. ఏమీ కాలేదు. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ పీల్చాడు. పదిసార్లు అయింది. కంటికి తుంపర కనిపిస్తూనే ఉంది, ఊపిరి మాత్రం అందట్లేదు. భుజాలు పైకి లేస్తున్నాయి, పెదవుల రంగు మారుతోంది. జీవితంలో మొదటిసారి ఒక రంగు చూసి ఆయనకి భయం వేసింది. అది వ్యాను అద్దంలో కనపడ్డ తన పెదవుల రంగు.

షెడ్డులో సొట్టలు తీసే టింకర్ ఆయనకి ఇరవై ఏళ్ళ స్నేహితుడు. సుత్తి దెబ్బలకి టింకర్ చెవులు ఎప్పుడో మందగించాయి కాబట్టి కేక వేసినా వినిపించదు. అసలు మేస్త్రీకి కేక వేసే ఊపిరే లేదు. అదృష్టం బాగుండి టింకర్ సుత్తి మార్చుకోవడానికి తల ఎత్తాడు.

"ఒరేయ్, ఏమైందిరా? మాట్లాడు!"

మేస్త్రీ తన ఛాతీ చూపించాడు. టింకర్ ఆయన్ని ఎత్తి అదే వ్యానులో కూలేసి ఆసుపత్రికి తోలాడు. తడి ఆరని తలుపుకి దారిలోని దుమ్మంతా అంటుకుంది. ఆక్సిజన్ పెట్టి, ముక్కుకీ నోటికీ మాస్కు తగిలించి మందు పొగ పట్టి, సూది వేసి, మధ్యాహ్నానికి ఆయన్ని ఈ లోకంలోకి తీసుకొచ్చారు. ఇంకో పావుగంట ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో డాక్టరు టింకర్‌కి చెప్పాడు. టింకర్‌కి సగమే వినిపించింది. ఆ సగానికే బల్ల మీద కూర్చుండిపోయాడు.

మూడోరోజు ఉబ్బసం రోగులను చూసే నర్సమ్మ వచ్చింది. చనువుగా మాట్లాడుతుంది గానీ కళ్ళు మాత్రం దేన్నీ వదలవు. మంచం పక్కన మేస్త్రీ భార్య కూర్చుని ఉంది.

"బాబాయ్, నీ ఇన్‌హేలర్ ఎలా వాడుతున్నావో ఒకసారి చూపించు."

మేస్త్రీ ఉత్సాహంగా లేచి కూర్చున్నాడు. ఇక్కడన్నా తన పనితనం చూసేవాళ్ళు దొరికారనుకున్నాడు. ఊపాడు, గాలిలోకి నొక్కాడు, చెయ్యి వయ్యారంగా తిప్పుతూ తుంపరలోకి నోరు పెట్టాడు. నర్సమ్మ చివరిదాకా కదలకుండా చూసింది.

"బాగా ఊపావు. ఇంతకీ మందు ఎవరికి పెడుతున్నావు బాబాయ్? నీకా, గోడకా?"

భార్య చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వాలో ఏడవాలో ఆమెకే తెలియలేదు. ఏడు నెలలుగా ఆ మందు సగానికి సగం ఇంట్లో అద్దానికీ, షెడ్డులో స్తంభానికీ పట్టిందన్నమాట.

"మరి తుంపర వచ్చిందిగా అమ్మా? ఆ రోజు కూడా వచ్చింది. డబ్బా బరువు కూడా ఉంది" అన్నాడు మేస్త్రీ.

"మందు అయిపోయినా లోపలున్న గాలి కొన్నాళ్ళు చిమ్ముతూనే ఉంటుంది. చూస్తే తెలియదు, ఊపితే తెలియదు, తూచినా తెలియదు. దీని మీద రెండు వందలని రాసి ఉంది చూడు. రెండు వందలసార్లే మందు. కొన్నింటికి అంకెలు చూపించే కిటికీ ఉంటుంది. నీదానికి లేదు కాబట్టి నువ్వే లెక్కపెట్టుకోవాలి. ఆ రోజు నువ్వు పీల్చింది ఉత్త గాలి."

మేస్త్రీ తన అరచేతి వైపు చూసుకున్నాడు. ముప్పై ఏళ్ళలో అది ఆయనకి మొదటిసారి అబద్ధం చెప్పింది.

తర్వాత నర్సమ్మ పాఠం మొదలుపెట్టింది. నిటారుగా కూర్చోవాలి, లోపలి గాలంతా వదిలెయ్యాలి, పెదవులు గట్టిగా బిగించాలి, పీల్చడం మొదలుపెట్టి అప్పుడు నొక్కాలి, మెల్లగా లోతుగా పీల్చి పది లెక్కపెట్టేదాకా ఊపిరి బిగపట్టాలి. అంతా విని మేస్త్రీ తల ఊపాడు. తలకి ఎక్కింది గానీ చేతికి ఎక్కలేదు. నోట్లో పెట్టుకోకముందే వేలు నొక్కేసింది. రెండోసారీ అంతే. మూడోసారి భార్య చెయ్యి పట్టుకుని ఆపబోయినా, అంచుకి బెత్తెడు ఇవతలే తుంపర గాలిలోకి లేచింది.

"ఇది నా చేతిలో లేదమ్మా. చెయ్యే వినట్లేదు" అన్నాడు. ఆ గొంతులో మొదటిసారి బెదురు వినిపించింది.

నర్సమ్మ పక్కనున్న బల్ల సొరుగులోంచి జానెడు పొడవున్న ప్లాస్టిక్ గొట్టం తీసింది. ఒక చివర ఇన్‌హేలర్ తగిలించింది, రెండో చివర ఆయన నోట్లో పెట్టింది.

"దీన్ని స్పేసర్ అంటారు. నీ చేతికి గాలిలోకి కొట్టడమే వచ్చు కదా, అలాగే కొట్టు. కాకపోతే ఈ గొట్టంలో ఉన్న గాలిలోకి కొట్టు. ఒక్కసారే నొక్కి వెంటనే మెల్లగా పీల్చు. నొక్కేసి కబుర్లు చెప్పకు. రెండోసారి కావాలంటే అర నిమిషం ఆగి, మళ్ళీ ఊపి కొట్టు."

ఈసారి మందు లోపలికి వెళ్ళింది. మేస్త్రీ కళ్ళు పెద్దవయ్యాయి. గొంతులో చల్లగా ఏదో దిగినట్టయింది. ఏడు నెలల్లో అంత మందు ఒక్కసారి కూడా లోపలికి పోలేదు.

"వారానికోసారి సబ్బునీళ్ళలో ముంచి కడుగు, గుడ్డతో మాత్రం తుడవకు" అంటుంటే ఆయనే అందుకున్నాడు. "తెలుసమ్మా. ప్లాస్టిక్ బంపరుని పొడిగుడ్డతో రుద్దితే చుట్టుపక్కల దుమ్మంతా దానికే అంటుకుంటుంది. గాలికి ఆరనివ్వాలి." పాఠంలో తనకి తెలిసిన మాట ఒక్కటన్నా ఉన్నందుకు పొంగిపోయాడు. కొత్త డబ్బా తెరిచిన రోజు మాత్రం కాగితంలో రాసినన్నిసార్లు గాలిలోకి కొట్టి చూసుకోవాలని ఆమె చెప్పినప్పుడు, "చూశావా!" అన్నట్టు భార్య వైపు తిరిగాడు.

ఆమె మాత్రం ఆయన వైపు చూడట్లేదు. సంచిలోంచి ఇటుకదాన్ని తీసి నర్సమ్మ చేతిలో పెట్టింది. ముందురోజు బట్టల కోసం ఇంటికెళ్ళి సొరుగులు వెతికితే దొరికింది. సీలు అలాగే ఉంది.

"ఇదేనామ్మా రోజూ పీల్చాల్సింది?"

నర్సమ్మ మొహంలో అప్పటిదాకా ఉన్న సరదా పోయింది. "ఊపిరి గొట్టాల లోపల వాపు ఉంటుంది బాబాయ్. దాన్ని తగ్గించేది ఇదే. పీల్చిన వెంటనే ఏమీ తెలియదు, కొన్ని వారాలు పడుతుంది. నీలంది ఆ పూటకి గొట్టం తెరుస్తుందంతే. నీలంది వారానికి రెండు మూడుసార్లకి మించి కావాల్సొస్తోందంటే లోపల వాపు ఎక్కువవుతోందని అర్థం, ఇక్కడికి రావాలి. అది పీల్చినా ఆయాసం తగ్గకపోతే కూర్చుని ఆలోచించకు, బండెక్కెయ్. ఈ రోజువారీది పీల్చిన ప్రతిసారీ నోట్లో నీళ్ళు పోసుకుని పుక్కిలించి ఉమ్మెయ్, లేకపోతే నోరు పూస్తుంది. ఇంకోటి. రంగు చూసి గుర్తుపెట్టుకోకు. కంపెనీ మారితే రంగు మారిపోతుంది. పేరు చదువుకో."

రంగు నమ్మొద్దని షేడు మేస్త్రీ మొహం మీద చెప్పినవాళ్ళు అంతకుముందు లేరు. ఆయన ఇటుకదాన్ని నర్సమ్మ చేతిలోంచి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. చివరికి, "అయితే ఇది ప్రైమరన్నమాట. పైకి కనపడదు, అది లేకపోతే ఏదీ నిలవదు" అన్నాడు. నర్సమ్మకి ప్రైమర్ అంటే ఏమిటో తెలియదు గానీ మొహం చూసి అవునంది.

ఇంటికి పంపించే ముందు డాక్టరు ఇంకోమాట చెప్పాడు. ఈ జబ్బు తెచ్చింది ఆ హార్డ్‌నరే. ఇక గన్ను పట్టకూడదు, ఎవరైనా రంగు కొడుతున్నా దగ్గర నిలబడకూడదు. ఒక్కసారే కదా అనుకున్నది కూడా ప్రాణం మీదికి తేవచ్చు.

"గన్ను పట్టకపోతే నేనెవర్నే?" అని ఆ సాయంత్రం ఇంటి మెట్ల మీద కూర్చుని భార్యని అడిగాడు. ఏడ్చాడు కూడా. ఆమె లోపలికెళ్ళి కుట్టుమిషను ముందు కూర్చుంది. యూనిఫాం గుడ్డతో స్పేసర్ పట్టేటంత సంచి కుట్టి, నడుముకి కట్టుకునేలా పట్టీ పెట్టి ఆయన ఒడిలో వేసింది. తర్వాత ఆయన షేడు పుస్తకం తెచ్చింది. ఏ బండికి ఏ రంగు ఎంత కలిపాడో ముప్పై ఏళ్ళుగా రాసుకున్న లావుపాటి పుస్తకం అది. చివర ఖాళీగా ఉన్న రెండు పేజీలకి పైన రెండు మందుల పేర్లు రాసి, తెరిచిన తేదీ వేసింది. పీల్చిన ప్రతిసారీ ఒక గీత. బట్ట కొలతలో వేలెడు తప్పినా ఒప్పుకోని మనిషి ఆమె.

ఓనరు మంచివాడో, షేడు కలిపేవాడు ఇంకొకడు దొరకడని తెలిసినవాడో గానీ, ముంగిలికి అటుపక్కన ఉన్న గది ఖాళీ చేసి ఇచ్చాడు. అక్కడ హార్డ్‌నర్ లేకుండా ఉత్త రంగులు మాత్రం కలుపుతాడు మేస్త్రీ. గన్ను పట్టేది టింకర్ కోడలు. నాలుగేళ్ళుగా మేస్త్రీ దగ్గరే నేర్చుకుంది. బయటినుంచి గొట్టంలో మంచిగాలి వచ్చే మాస్కు తగిలించుకుని లోపలికి వెళుతుంది. ఇటుకది రోజూ రెండు పూటలా పీలుస్తుంటే నెలన్నరకి పిల్లికూతలు ఆగాయి. నీలందాని పేజీలో మొదటి నెల పదకొండు గీతలు, తర్వాతి నెల మూడు, ఆపైన ఏమీ లేవు.

అంతా బాగానే ఉండేది, ఆ రొట్టెల వ్యాను లేకపోతే. మేస్త్రీ ఆసుపత్రిలో ఉండగా దాని తలుపు గీకి, కంపెనీ లెక్క ప్రకారం రంగు కలిపి కోడలే కొట్టేసింది. మామూలు కళ్ళకి తేడా లేదు. మేస్త్రీ కళ్ళకి మాత్రం అది చొక్కాకి వేరే రంగు గుండీ కుట్టినట్టుంది. ఆ వ్యాను రోజూ పొద్దున్నే ఆయన ఇంటిముందు నుంచే వెళుతుంది. రోజూ పళ్ళు నూరేవాడు. చివరికి డ్రైవరుని బతిమాలి, ఊరికే చేసిపెడతానని మళ్ళీ షెడ్డుకి రప్పించాడు. షేడు తనే కలిపాడు. ఎండలో పెట్టి, నీడలో పెట్టి, మూడుసార్లు సరిచేశాడు. అంతవరకే ఆయన పని.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళారు. షెడ్డు తలుపు తీసే ఉంది. గన్ను మేకుకి ఉంది. రుమాలు జేబులో ఉంది. ఒక్క తలుపే కదా అనుకుని రంగులో హార్డ్‌నర్ పోశాడు. ముందు గాలిలోకి, తర్వాత రేకు మీదికి. చెయ్యి పాత చుట్టాన్ని చూసినట్టు మురిసిపోయింది. రంగు అద్దంలా పడింది. మూడో పూత పూర్తయ్యేసరికి ఛాతీలో ఎవరో తాడు బిగించినట్టయింది. గన్ను కింద పెట్టి, గోడ పట్టుకుంటూ ముంగిట్లోకి వచ్చి కూర్చున్నాడు. నడుము సంచి విప్పాడు. ఈసారి ఒక్కటీ తప్పలేదు: ఊపాడు, గాలి వదిలాడు, గొట్టం నోట్లో పెట్టుకున్నాడు, నొక్కాడు, మెల్లగా పీల్చాడు, పది లెక్కపెట్టాడు. అర నిమిషం ఆగి ఇంకోటి. కొద్ది నిమిషాలకి తాడు వదులైంది. భోజనం చేసి వచ్చిన టింకర్‌ని పిలిచి, బండెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళమన్నాడు. గంటన్నర అక్కడ కూర్చోబెట్టి చూసి, తిట్టి పంపారు.

ఇంటికొచ్చేసరికి భార్య దుకాణానికి యూనిఫాంలు ఇచ్చి రావడానికి వెళ్ళింది. టింకర్‌చేత నోరు విప్పనని ఒట్టు వేయించుకున్నాడు. ఇక మిగిలింది ఆ పుస్తకమే. నీలందాని పేజీ తెరిచి పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. గీత పెడితే ఆమెకి తెలిసిపోతుంది. పెట్టకపోతే ఎవరికీ తెలియదు, లెక్కలో రెండు తగ్గుతాయంతే. ఈ వారం రెండు, ఇంకోసారి నాలుగు. అలా ఎన్ని తగ్గాక డబ్బాలో ఉత్త గాలి మిగులుతుందో ఆయనకి బాగా తెలుసు. ఆ అద్దంలో చూసిన రంగు గుర్తొచ్చింది. రెండు గీతలు పెట్టాడు.

ఆమె వచ్చి దీపం వేసి, ఎప్పటిలాగే పుస్తకం చూసింది.

"ఇవేంటి?"

"వ్యాను తలుపు కొట్టాను."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. రెండు గీతల మీదా వేలు పెట్టింది. "గీయకపోయినా నాకు తెలిసేది. ఇన్నేళ్ళుగా వింటున్నాను, మీ ఛాతీ నాకు తెలియదా? గీశారు కాబట్టి ఊరుకుంటున్నాను" అంది. తర్వాత మెల్లగా, "ఎలా వచ్చింది తలుపు?" అని అడిగింది.

"కలిసిపోయింది. ఏది కొత్తదో నేనే చెప్పలేను."

అలా అంటూ కుర్చీ కింద నుంచి పాతగుడ్డలో చుట్టిన మూట తీసి పుస్తకం పక్కన పెట్టాడు. ఆయన గన్ను అది. షెడ్డుది కాదు, ఇన్నాళ్ళూ ఇంట్లో దాచుకున్న సొంతది. చేతిపట్టు దగ్గర బొటనవేలు ఆనే చోట ముప్పై ఏళ్ళకి గుంట పడింది.

"రేపు టింకర్ కోడలికి నువ్వే ఇచ్చెయ్. నేనిస్తే నా చెయ్యి వదలదు."

మర్నాడు పొద్దున ఆమె మూట చంకన పెట్టుకుని బయల్దేరింది. మేస్త్రీ గుమ్మం దగ్గర నిలబడి వీధి మలుపు దాకా చూశాడు. రొట్టెల వ్యాను ఎదురుగా వెళ్ళింది, ఆయన దాని తలుపు వైపు మాత్రం చూడలేదు. లోపలికొచ్చి రోజువారీ మందు పీల్చాడు, పది లెక్కపెట్టాడు, నోరు పుక్కిలించి ఉమ్మాడు, గీత పెట్టాడు.